ఊ కొట్టడం మానేసిన చెల్లి

చిన్నప్పుడు అక్క కథ చెప్పేది, చెల్లి ఊ కొట్టేది. ఇద్దరికీ ఒకటే మంచం, ఒకటే దుప్పటి. అక్క గొంతు కోటలెక్కేది, సముద్రాల అడుగుకు దిగేది, రెక్కల గుర్రాల మీద తిరిగేది. చెల్లి దుప్పటి అంచు గడ్డం కింద దోపుకుని, కళ్ళు మూసుకుని, సరిగ్గా అక్క ఊపిరి తీసుకునే చోట "ఊ" అనేది. ఆ ఊ కాస్త ఆలస్యమైతే అక్క మోచేత్తో పొడిచేది.

"నిద్రపోయావా?"

"లేదక్కా. చెప్పు."

"మరి ఊ కొట్టవేం?"

ఊ కొట్టేవాళ్ళు లేకపోతే అక్కకు కథ సాగేది కాదు. చెల్లికేమో ఊ కొట్టడం తప్ప కథ చెప్పడం వచ్చేది కాదు. పెద్దయ్యాక కూడా వాళ్ళిద్దరి మధ్య ఇదే ఏర్పాటు నడిచింది. మంచం పోయి వేదిక వచ్చింది, అంతే.

అక్క గాయని అయింది. ఆమెను పెళ్ళాడిన బావకు సొంతంగా ఒక బ్యాండు ఉండేది. కీబోర్డు ఆయనే వాయించేవాడు. ఒకరోజు ఆ బ్యాండులో బేస్ గిటారు వాయించే మనిషికి బస్సు డ్రైవరుగా ఉద్యోగం దొరికింది. గిటారు బావ ఇంట్లో సోఫా మీద పడేసి, ఉన్నపళంగా వెళ్ళిపోయాడు. అప్పటికి చెల్లి చదువు ముగించి, తరువాత ఏం చేయాలో తోచక, అక్క ఇంట్లో బఠానీలు ఒలుస్తూ కూర్చుని ఉంది.

"మరదలు పిల్లా, నీ వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి కదా," అన్నాడు బావ. "రెండు పాటలు. రెండంటే రెండే. ఎవరైనా దొరికేదాకా."

ఆ ఎవరైనా దొరకనే లేదు. అసలు వెతికారో లేదో కూడా తెలియదు. చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

బావ తప్ప బ్యాండులో అందరూ ఆమెను చెల్లి అనే పిలిచేవారు. డ్రమ్స్ వాయించే ఆయన, స్పీకరు పెట్టెలు మోసే ఆయన, లైట్ల మనిషి, ఆఖరికి హాలు వాచ్‌మన్ కూడా "చెల్లి వచ్చిందా?" అని అడిగేవాడు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అదే ఆమె అసలు పేరనుకుని, మర్యాదగా "చెల్లిగారూ" అనేవారు. ఆమెకు నవ్వొచ్చేది.

బేస్ గిటారు సంగతి ఒక ముక్క చెప్పాలి. మామూలు గిటారు కంటే అది పొడుగు, బరువు కూడా. తీగలు నాలుగే, కానీ ఒక్కోటీ లావు. దాని స్వరం చెవికంటే ముందు పొట్టకు తగులుతుంది. జనం గొంతును వింటారు, ఆ పైన తళుక్కుమనే వాద్యాలను వింటారు. దీన్ని మాత్రం ఎవరూ పనిగట్టుకుని వినరు. కానీ ఇది ఆగిపోతే కాళ్ళ కింది చాప లాగేసినట్టు ఉంటుందని చెల్లి నమ్మకం.

ఆ నమ్మకం ఒక హోటల్ తోటలో పోయింది.

ఏదో కంపెనీ వాళ్ళ విందు. చెట్ల కొమ్మల నిండా చిన్న చిన్న దీపాలు. తళుకుల గౌను వేసుకుని అక్క ముందు నిలబడి పాడుతోంది. ఎప్పటిలాగే చెల్లి ఆమె వెనక, కాస్త ఎడమ పక్కగా నిలబడి ఉంది. బావ కొత్త కీబోర్డు కొన్నాడు. దాన్ని చంటిపిల్లలా చూసుకునేవాడు. దాని ఎడమ చివర మెట్లు నొక్కితే బేస్ స్వరాలు కూడా పలుకుతాయి. కొన్నాళ్ళుగా బావ ఎడమచెయ్యి, బావకే తెలియకుండా, చెల్లి వాయించేదే వాయిస్తోంది.

పాట మధ్యలో చెల్లి ఒక అడుగు వెనక్కు వేసింది. కాలికి వైరు తగులుకుంది. గిటారు నుంచి స్పీకరుకు పోయే వైరు ఊడి గడ్డిలో పడింది. ఇప్పుడు పాట కూలుతుంది, అక్క వెనక్కి తిరుగుతుంది, బావ గుడ్లురుముతాడు అనుకుంది.

ఏమీ కాలేదు.

వంగి వైరు తీసి పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. వేళ్ళు వాటంతట అవే తీగల మీద నడుస్తూ పోయాయి. తీగ చెక్కకు తగిలే సన్నటి టిక్కు టిక్కు తనకొక్కదానికే వినిపించింది. పాట అయిపోయింది, చప్పట్లు కొట్టారు. ఇంకో పాట మొదలైంది. అదీ అయింది. చెల్లికి కోపం రాలేదు. వింతగా ఒళ్ళంతా తేలికైపోయింది. తను ఎప్పుడో వేదిక దిగేసి, ఆ దీపాల కింద చల్లటి గడ్డి మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టూ, అక్కడ గిటారు పట్టుకుని నిలబడింది ఉత్త తన బట్టలేనన్నట్టూ అనిపించింది.

అంతా ముగిశాక బావ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఇవాళ భలే కుదిరింది మరదలు పిల్లా! నీ బేస్ అదిరిపోయిందనుకో."

చెల్లి వైరు చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు అక్క ఇంటికి వెళ్ళింది. అక్క గొంతు కోసం ఆవిరి పడుతోంది. గిన్నె మీదికి వంగి, తల మీదుగా తువ్వాలు కప్పుకుని ఉంది. చెల్లికి అదే మంచిదనిపించింది. మొహం కనపడకపోతే చెప్పడం తేలిక.

"అక్కా, నేనింక రాను."

"ఎక్కడికి?" అంది తువ్వాలు.

"బ్యాండుకి."

"జలుబు చేసిందా?"

"లేదు. ఇంక ఎప్పుడూ రాను."

అప్పుడు తువ్వాలు తొలగింది. ఎర్రబడ్డ మొహం, నుదుటికి అంటుకుపోయిన జుట్టు. "ఎవరేమన్నారే నిన్ను? మీ బావేమైనా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదక్కా."

"మరింకేం?"

"అదే. ఎవరూ ఏమీ అనలేదు."

అక్కకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే అక్కకు కోపం వస్తుంది. "సరే, పో. పోయి ఏం చేస్తావు? పొద్దస్తమానం ఆ పళ్ళు ముందేసుకుని కూర్చుంటావా?" అని మళ్ళీ తువ్వాలు కప్పేసుకుంది.

పళ్ళంటే మనం తినే పళ్ళు కాదు, మన చేత తినిపించే పళ్ళు. చెల్లి పగలంతా ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ముందు గదిలో పూలకుండీలు, పత్రికలు. వెనక ఆమె గదిలో ప్లాస్టర్ దుమ్ము. అరల నిండా తెల్లటి దవడలు. మనిషి నోటి అచ్చులో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతుంది. తరువాత ఆ మైనం ఉన్న చోట గులాబి రంగు చిగుళ్ళు పోతపోసి, ఉడికించి, తిరిగే చక్రం మీద మెరుగు పెడుతుంది. చక్రం మోటారు రోజంతా ఒకే స్వరం మీద గుయ్యిమంటూ ఉంటుంది.

బ్యాండు మానేశాక సాయంత్రాలు ఒక్కసారిగా పొడుగైపోయాయి. గిటారు బీరువాకూ గోడకూ మధ్య సందులో నిలబడింది. చెల్లి పని నుంచి వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, ఏమీ చేయకుండా ఉండిపోయేది. అలా ఉండగా ఉండగా ఇదివరకు పట్టని చప్పుళ్ళు ఒక్కొక్కటే దగ్గరకొచ్చాయి. వంటింట్లో ఫ్రిజ్ ఒక స్వరం పట్టుకుని, కాసేపటికి ఉలిక్కిపడి వదిలేసేది. లిఫ్టు కింది అంతస్తుల్లోంచి నిట్టూరుస్తూ పైకొచ్చేది. వీధి మలుపులో బస్సు ఆగినప్పుడు కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. ఎక్కడో దూరంగా పడవ కూత. అన్నింటికీ అడుగున, ఎవరి కథకో తెలియకుండా, ఎవరో ఊ కొడుతున్నట్టు ఉండేది. ఆమె కళ్ళు మూసుకునేది. దీపం వేయాలన్న సంగతే మరిచిపోయేది.

ఆ ఇంట్లో ఆమెతోపాటు ఉండేది పిన్ని. పిన్నికి చెవులు దాదాపు వినిపించవు, నోరు మాత్రం ఊరంతటికీ వినిపిస్తుంది. గిటారును ఆమె ఎలుగుబంటి అనేది.

"ఏమే, ఎలుగుబంటికి జ్వరమా? బయటికే రావట్లేదు?"

"బ్యాండు మానేశాను పిన్నీ."

"బెండు మానేశావా?"

"బ్యాండు! బ్యాండు!"

"ఓ. మానేస్తే మానేశావు. నా మంచం ఏం పాపం చేసింది?"

చెల్లికి అర్థం కాలేదు. "మంచమేంటి పిన్నీ?"

"నీ పాటలు నాకెప్పుడు వినపడ్డాయి గనక? మంచానికి వినపడేవి. సాయంత్రాలు నువ్వు వాయించుకుంటుంటే పట్టె కింద పిల్లి గురక పెడుతున్నట్టు ఉండేది. ఆ గురకలో నాకు కునుకు పట్టేది. ఇప్పుడు ఉత్త కర్రయిపోయింది."

ఆ మాటకు చెల్లి లేచి గిటారు తీయలేదు. కానీ ఆ సందులో దాని మీద పేరుకున్న దుమ్ము మాత్రం తుడిచింది.

అలాంటి రోజుల్లో క్లినిక్‌కు ఒక రిటైరైన రైల్వే గార్డు వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మడత నలగని చొక్కా. కొత్తగా పెట్టించుకున్న పై పళ్ళ సెట్టు పట్టుకుని డాక్టరుతో వాదులాట పెట్టుకున్నాడు. తలుపు ఇవతల చెల్లికి అంతా వినిపిస్తోంది.

"తింటుంటే బానే ఉంది డాక్టరుగారూ. ఊదుతుంటేనే ఊడిపోతోంది."

"పళ్ళు తినడానికండీ, బూరలు ఊదడానికి కాదు."

"బూర కాదండీ, క్లారినెట్."

చెల్లి తలుపు తీసింది. "ఆయన్ని ఇటు పంపండి డాక్టరుగారూ. నేను చూస్తాను." డాక్టరు బతుకుజీవుడా అనుకున్నాడు.

క్లారినెట్ మూతి పై పళ్ళకు ఆనుతుంది. ముందు పళ్ళను అది పైకి నొక్కగానే, వెనక సెట్టు పట్టు వదిలేసి కిందికి జారుతోంది. వెనక అంచు కాస్త పెంచాలి, ముందు పళ్ళు వెంట్రుకవాసి జరపాలి. "ఈసారి వాద్యం తెచ్చుకోండి," అంది చెల్లి. గార్డుగారు మూడు నాలుగుసార్లు తిరిగాడు. వచ్చినప్పుడల్లా ఆ దవడల మధ్య స్టూలు మీద కూర్చుని కాస్త ఊదేవాడు, ఆగి సెట్టు తీసి ఇచ్చేవాడు, ఆమె రవ్వంత అరగదీసి తిరిగి ఇచ్చేది.

ఆఖరిసారి వచ్చిన మధ్యాహ్నం సెట్టు పట్టు దొరికింది. గార్డుగారు నమ్మలేనట్టు మెల్లగా ఊదుతూ పోయాడు. ఏదో పాత, నిదానమైన పాట. కిటికీలోంచి వచ్చే ఎండలో ప్లాస్టర్ దుమ్ము తేలుతోంది. చెల్లి అటు తిరిగి ఇంకెవరివో పళ్ళు మెరుగు పెడుతోంది. మోటారు గుయ్యిమంటోంది. గార్డుగారు చటుక్కున ఆగాడు.

"ఎవరమ్మా అది?"

"ఎవరండీ?"

"కింద ఎవరో పాడుతున్నారు."

"మోటారండీ."

"మోటారు స్వరం మార్చదమ్మా."

చెల్లి మోటారు ఆపేసింది. గొంతులో ఇంకా ఆ కూనిరాగం తోక మిగిలి ఉంది.

గార్డుగారు క్లారినెట్ తుడుచుకుంటూ అన్నాడు: "మా దగ్గర అలా కింద ఉండేవాళ్ళు లేరు. నేనూ, పరుపుల షాపాయనా, ఇద్దరమే. ఆయన గోడౌనులో వాయించుకుంటాం. పైపైన ఎగురుతుంటాం, దిగుదామంటే చోటుండదు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా నువ్వు?"

"నేను బ్యాండు మానేశానండీ."

"మాది బ్యాండని నీకెవరు చెప్పారు?"

ఆదివారం ఆమె గిటారు తీస్తుంటే పిన్ని మంచం మీద లేచి కూర్చుంది. "ఎక్కడికే ఎలుగుబంటితో?" చెల్లి గట్టిగా "పరుపుల షాపుకి!" అని అరిచింది. పిన్ని కాసేపు ఆలోచించి, "మంచాలు కూడా ఉంటాయేమో చూడు," అంది.

పరుపులాయన కూర్చున్నా పడుకున్నట్టుండే మనిషి. షాపు వెనక ఆయన గోడౌనులో నేల నుంచి కప్పుదాకా పరుపులు. నిలబెట్టినవి, చుట్టినవి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. పైనున్న అద్దపు పలకలోంచి ఎండ దిగి, పరుపుల ప్లాస్టిక్ తొడుగుల మీద చెరువు నీళ్ళలా మెరుస్తోంది. ఒక మూల రెండు డ్రమ్ములు. ఆయన వాటిని కర్రలతో కొట్టడు, తీగల కుంచెలతో నిమురుతాడు.

"మేమిద్దరం ఉన్నంత కాలం సరి," అన్నాడాయన చెల్లిని ఎగాదిగా చూసి. "నువ్వొచ్చావు, బేసి అయ్యాం. పైగా బేస్ గిటారు. ఇంకే, బేసమ్మా, రా, కూర్చో."

ఆ పేరు అక్కడికక్కడే అతుక్కుపోయింది.

ఆమె శ్రుతి చూసుకుంది. ఒక తీగ మీటగానే ఉలిక్కిపడింది. ఆ గోడౌనులో ప్రతిధ్వని లేదు. స్వరం వెళ్ళి ఎక్కడా తగిలి తిరిగి రాదు; బయల్దేరిన చోటే గుండ్రంగా ఉండి, మెల్లగా పడుకుంటుంది. తన వాద్యం గొంతు ఇలా ఉంటుందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎప్పుడూ దాని మీద ఇంకేదో ఉండేది.

వాళ్ళిద్దరూ ఆమె వంక చూస్తున్నారు. ఆమె వాళ్ళ వంక చూస్తోంది.

"మొదలుపెట్టండి, నేను అందుకుంటాను," అంది.

"ఎప్పుడూ మేమే మొదలుపెడుతున్నాం, విసుగొచ్చింది," అన్నాడు గార్డుగారు. "నువ్వు మొదలుపెట్టు."

"ఏ పాట?"

"నువ్వు మొదలుపెడితే కదా తెలిసేది."

చెల్లికి చేతులాడలేదు. పుట్టి బుద్ధెరిగాక తను ఒక్క పాట మొదలుపెట్టి ఎరగదు. అక్క ఊపిరి పీల్చుకుంటుంది, బావ తలూపుతాడు, అప్పుడు తను. ఇక్కడ ఊపిరి పీల్చేవాళ్ళు లేరు, తలూపేవాళ్ళు లేరు. పరుపులాయన తొందరపెట్టకుండా పక్కకు ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. గార్డుగారు అద్దపు పలకలోంచి మబ్బులు చూస్తున్నాడు. ఎండ ఒక పరుపు మీద నుంచి ఇంకో పరుపు మీదికి జరిగిందని అనిపించేంతసేపు ఆమె అలాగే కూర్చుంది. అక్కడ ఎవరికీ పనులున్నట్టు లేవు.

ఆఖరికి ఒక స్వరం మీటింది. అది పోయేదాకా విని, దాని పక్కది మీటింది. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు, ఒక్కో అడుగూ నేల తగిలాకే ఇంకోటి. ఎటు పోతోందో తెలియలేదు. తెలియకపోవడం భయంగా కూడా లేదు. కుంచెలు ఎప్పుడు కలిశాయో గమనించలేదు; ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్నారనుకుంది. చాలాసేపటికి క్లారినెట్ వచ్చింది. దూరాన్నించి ఎవరో పిలిస్తే పలికినట్టు వచ్చి, ఆమె స్వరాల మీద దిగింది. దిగి అక్కడే ఉంది.

అయిపోయాక గార్డుగారు క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం పాట ఇది బేసమ్మా?" అన్నాడు పరుపులాయన కళ్ళు తెరవకుండా.

"తెలీదండీ."

"బావుంది తెలీదు పాట. వచ్చేవారం మళ్ళీ వాయిద్దాం."

అప్పటి నుంచి వాళ్ళ మధ్య ఆ పాట పేరు 'తెలీదు'. తరువాత ఇంకొన్ని పాటలు పుట్టాయి కానీ, వేటికీ అంత మంచి పేరు కుదరలేదు.

ఒకటి దొరికితే రెండోది దానంతటదే వచ్చినట్టయింది. సాయంత్రం తీగలు మార్పించుకుందామని సోమవారం ఉదయం ఆమె గిటారుతోనే క్లినిక్‌కు వస్తే, ముందు గదిలో ఫోన్లు ఎత్తే అమ్మాయి ఆ నల్లటి పెట్టె చూసి కుర్చీలోంచి లేచింది. రోగులతో మాట్లాడేటప్పుడు పంచదార పలుకుల్లా మాట్లాడే పిల్ల.

"ఆంటీ! అది బేసా? మీరు బేస్ వాయిస్తారా? మాకు చెప్పనే లేదు!"

ఆ అమ్మాయికీ ఇద్దరు స్నేహితురాళ్ళకూ ఒక బ్యాండు ఉందట. ఆ ఇద్దరిలో ఒకతె వాళ్ళ బాబాయికి స్కేటింగ్ రింకు ఉంది. సాయంత్రం అది మూసేశాక కాసేపు వాళ్ళదే. బేస్ వాయించే పిల్ల పరీక్షలని మానేసింది. చెల్లి శనివారం వెళ్ళింది. ముగ్గురు అమ్మాయిలూ ఆమెను ముఖాముఖీ పరీక్షకు వచ్చినదానిలా నిలబెట్టారు.

"ఆంటీ, ఏమనుకోకండి. గట్టిగా వాయించగలరా?"

"ఎంత గట్టిగా?"

డ్రమ్స్ పిల్ల చూపించింది. చెల్లి పక్కటెముకలు జివ్వుమన్నాయి. పంచదార పలుకుల పిల్ల మైకు పట్టుకుని నోరు తెరిచింది. ఆ గొంతులోంచి వచ్చింది విని డాక్టరుగారైతే పళ్ళు పీకే పటకారు వదిలేసేవాడు. చెల్లి స్పీకరు మీట చివరిదాకా తిప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాన్ని సగం దాటనివ్వలేదు, అక్క గొంతు మునిగిపోతుందని. వాయించింది. చెక్క నేల అంతా లేచి ఆమె అరికాళ్ళలోకి వచ్చింది. గోడ పక్కన అరల్లో వరసగా బోర్లించి పెట్టిన స్కేట్ల చక్రాలు, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ అదురుకు వాటంతట అవే మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. ఆమె వాటిని చూస్తూ, కలలోలాగా, వాయిస్తూనే ఉండిపోయింది.

రెండో వారానికి ఆంటీ పోయి బాస్ వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు అక్క క్లినిక్‌కు వచ్చింది. పన్ను నొప్పేమో అనుకుంది చెల్లి. అక్క గొడుగు మూలన పెట్టి, వెనక గదిలోకి మొదటిసారి అడుగు పెట్టి, అరల వంక చూసింది.

"ఇవన్నీ ఎవరివే?"

"ఊళ్ళోవాళ్ళవి."

"భయమెయ్యదూ?"

"నోరు తెరిచే ఉంటారు కానీ ఒక్క మాటనరు. మంచివాళ్ళక్కా."

అక్క నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని, ఒక దవడను చేతిలోకి తీసుకుని తిప్పుతూ అంది: "మీ బావ ఎడమచేత్తోనే లాగించేస్తున్నాడు. ఒక్క తప్పుండదు. కానీ నేను ఊపిరి తీసుకోడానికి ఆగితే ఆయన ఆగడే. పరిగెత్తుకుంటూ పాడుతున్నట్టుంది. నేనెక్కడ ఊపిరి తీసుకుంటానో నీకెలా తెలిసేది?"

"ఎప్పటినుంచో తెలుసు కదక్కా."

"వచ్చెయ్యవే."

"రాను," అంది చెల్లి. అంత తేలిగ్గా ఆ మాట వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "నువ్వే ఈ ఆదివారం నాతో రా."

అక్క వచ్చింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పరుపు అంచున, డాక్టరు పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. పరుపులాయన "పడుకోండమ్మా, మొహమాటపడకండి, అందుకే పెట్టాం," అన్నా వినలేదు. వాళ్ళు 'తెలీదు' మొదలుపెట్టారు. చెల్లే మొదలుపెట్టింది. కప్పు మీద వాన పడుతోంది. ఆ చప్పుడు కూడా పరుపుల్లో ఇంకిపోయి, ఎక్కడో పక్క ఊళ్ళో కురుస్తున్నట్టుంది. కాసేపటికి అక్క చెప్పులు విడిచింది. ఇంకాసేపటికి కాళ్ళు పైకి పెట్టుకుంది. ఆపైన ఒక పక్కకు ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, చెల్లి మొహం వంకే చూస్తూ పడుకుంది.

పాట ముగిసి, మగవాళ్ళిద్దరూ టీ తేవడానికి ముందు షాపులోకి వెళ్ళాక, అక్క లేచి కూర్చుంది.

"వాయించేటప్పుడు నువ్వు నోరు తెరుస్తావే! చేపలాగా!"

"తెరుస్తానా?"

"అవునే. ఇన్నేళ్ళూ నా వెనక నిలబడ్డావు. నాకేం తెలుసు?" అక్క పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకోబోయి, పరుపు తొడుగు అంచు అందుకుంది. ప్లాస్టిక్ దేన్నీ పీల్చుకోలేదు. చెల్లి తన రుమాలు ఇచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు మానేశావు?"

"హోటల్ తోటలో వాయించాం చూడు. ఆవేళ నా వైరు ఊడిపోయింది."

"ఏ పాటలో?"

"ఒక్క పాటలో కాదక్కా. అప్పటినుంచి ఆఖరిదాకా."

అక్క రుమాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "నాకు తెలీలేదే," అంది చాలా చిన్న గొంతుతో.

"తెలుసు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాన విన్నారు. అక్క ఆమె భుజం మీద తల ఆన్చింది. టీ వచ్చేదాకా అలాగే ఉంది.

ఆ తరువాత అక్క మళ్ళీ రమ్మనలేదు. "అయితే నువ్వే ఎవరినైనా చూసిపెట్టు," అంది. చెల్లి చూసిపెట్టింది. చెప్పుల షాపులో పనిచేసే ఒకాయన, సిగ్గరి, చేతి వేళ్ళు మంచివి. బావ మొదట ఎడమచెయ్యి వదులుకోవడానికి గింజుకున్నాడు కానీ, అక్క ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నాడు. చెల్లి కొన్ని సాయంత్రాలు ఆ చెప్పులాయన్ని ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది. "స్వరాలు మీకు వచ్చినవే. మీరు చూడాల్సింది మా అక్క కుడి భుజం. నిదానం పాటల్లో అది పైకి లేస్తుంది. లేచిందంటే ఆగండి. దిగాక వెళ్ళండి." ఆయన బుద్ధిగా తలూపేవాడు. పిన్ని మంచం మీద చెయ్యి ఆన్చి, "ఈయన ఎలుగుబంటికి ఇంకా నడక రాలేదు," అని తీర్పు చెప్పేది. పాపం, ఆయన దానికీ తలూపేవాడు.

చెప్పులాయన మొదటిసారి వేదికెక్కిన సాయంత్రం చెల్లి వెళ్ళి జనంలో కూర్చుంది. మూడో వరస, మధ్య కుర్చీ. దీపాలు వెలిగాయి. అక్క ముందుకొచ్చి, పాడబోతూ కళ్ళు మూసుకుంది. ఎత్తు స్వరాల దగ్గర ఆమె కనుబొమలు, ఎవరో ఏదో అడిగితే కాదనలేకపోతున్నట్టు, మధ్యకు వస్తున్నాయి. చెల్లికి అక్క మెడ వెనక పుట్టుమచ్చ తెలుసు, జడపిన్నులు ఎన్ని పెట్టుకుంటుందో తెలుసు. ఇది తెలియదు. వేళ్ళు ఒళ్ళో కదలబోతే రెండు చేతులూ పట్టుకుని, చూస్తూ కూర్చుంది.

ఆఖరిదాకా ఉండడానికి వీల్లేకపోయింది. రింకులో అమ్మాయిలు ఎదురుచూస్తున్నారు. నాలుగైదు పాటలయ్యాక కుర్చీల మధ్య నుంచి వంగి వంగి బయటికొచ్చి, వాచ్‌మన్ దగ్గర పెట్టిన గిటారు తీసుకుని భుజానికి వేసుకుంది. వీధిలో సన్నటి తుంపర. హాలు తలుపు మూసుకోగానే అక్క గొంతు తెగిపోయింది, బావ కీబోర్డు తెగిపోయింది. గోడ దాటి వీధిలోకి వస్తున్నది బేస్ ఒక్కటే. తడి రోడ్డు మీద, మూసిన షాపుల మీద, బస్టాపు రేకు మీద అది మెత్తగా కొట్టుకుంటోంది. బస్టాపులో నిలబడ్డ ఒకావిడ, తెలియకుండానే, దానికి కాలు ఆడిస్తోంది.

చెప్పులాయన కాస్త తొందరపడుతున్నాడు. రేపు చెప్పాలి అనుకుంది చెల్లి. ఆమె నడక తగ్గించి, తనకు తోచిన నిదానంలో అడుగులు వేస్తూ బస్టాపు చేరింది. బస్సు వచ్చింది. గిటారును ముందు ఎక్కించి, వెనక తను ఎక్కింది.